రెండు వందల గజాల కల, ఆరడుగుల ప్రశ్న

నూజివీడు నుంచి ఆగిరిపల్లి మీదుగా విజయవాడ వెళ్ళే బస్సులో, ఈ పూత కాలంలో, కిటికీ పక్కన కూర్చుంటే రెండు దృశ్యాలు ఒకదాని వెంట ఒకటి కనబడతాయి. ఒక తోటలో ఆకు కనబడకుండా మామిడి పూత. దాని పక్క తోటలో చెట్టే లేదు. ఎర్రమట్టిని చదును చేసి, సున్నంతో గీతలు గీసి, తెల్లరాళ్ళు పాతి, ముఖద్వారానికి రంగురంగుల జెండాలు కట్టారు. పెద్ద బోర్డు మీద పచ్చని చెట్టు బొమ్మ, ఆ చెట్టు కింద నవ్వుతున్న కుటుంబం. చెట్లను నరికిన చోట చెట్టు బొమ్మ పెట్టడం ఈ వ్యాపారంలో ఆనవాయితీ అయింది.

ఆ బోర్డులు చూసి ఆశపడేవారిలో మనవాళ్ళు తక్కువేమీ కాదు. జుమా నమాజు ముగిశాక మసీదు మెట్ల దగ్గర ఒకప్పుడు పిల్లల చదువులు, పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునేవారు. ఇప్పుడు గజం ధర మాట్లాడుకుంటున్నారు. గల్ఫ్‌లో కష్టపడిన కొడుకు పంపిన డబ్బు, పదవీ విరమణ నాడు చేతికొచ్చిన గ్రాట్యుటీ, ఆడపిల్ల పెళ్ళికని దాచిన బంగారం ఈ సున్నపు గీతల మధ్యకు చేరుతున్నాయి. ఊరి శివారున రెండు వందల గజాలు మన మధ్యతరగతి కుటుంబాల ఉమ్మడి కల అయింది.

నేను ఆ కలకు శత్రువును కాను. అయితే నిరుడు వేసవిలో జరిగిన ఒక సంఘటన తరువాత ఆ కలను ఒక ప్రశ్న అడగక తప్పదని నాకు తోచింది.

విజయవాడ రాజరాజేశ్వరిపేట నుంచి ఒక కుటుంబం ఆగిరిపల్లి వైపు ఒక వెంచర్‌లో చిన్న ఇల్లు కట్టుకుని వచ్చింది. వచ్చిన కొద్ది నెలలకే ఆ ఇంటి పెద్దావిడ ఫజర్ వేళ కన్నుమూశారు. సమీప గ్రామంలోని ఖబరస్తాన్ పెద్దలను అడిగితే, "మా ఊరివాళ్ళకే చోటు చాలడం లేదు భాయ్, ఇవాళ ఒకరికిస్తే రేపు వెంచర్ మొత్తానికి ఇవ్వాల్సి వస్తుంది" అన్నారు. వారిని నేను తప్పు పట్టను. వారి స్థలం నిజంగానే చిన్నది. ఆ కుటుంబం నాకు ఫోను చేసేసరికి ఎండ ముదిరింది. ఇద్దరు ముగ్గురు ముతవల్లీలతో మాట్లాడాను, ఫలితం లేకపోయింది. చివరకు ఆ తల్లి మయ్యిత్‌ను వ్యానులో పెట్టుకుని, వారు విడిచి వచ్చిన నగరానికే, వారు విడిచి వచ్చిన మొహల్లాకే తీసుకువెళ్ళారు. పాత పొరుగువారే ఖబర్ తవ్వించారు. ఖననం ముగిసేసరికి ఇషా దాటింది.

ఆ రాత్రి తిరుగు ప్రయాణంలో ఆవిడ కొడుకు నాతో అన్న మాట ఇది: "చాచా, రెండు వందల గజాలకు రిజిస్ట్రేషను చేయించుకున్నాను. అమ్మకు ఆరడుగులు దొరకలేదు."

ఆశ తప్పు కాదు

శివారుకు వెళ్ళాలనుకునేవారిని మన పెద్దల్లో కొందరు దోషులుగా చూస్తున్నారు. మొహల్లా విడిచినవాడు దీన్ విడిచినట్లేనని జుమా ప్రసంగాల్లో సూచనగా చెప్పినవారినీ విన్నాను. ఈ వాదాన్ని నేను అంగీకరించను.

విజయవాడ వించిపేటలో, పంజా సెంటరు చుట్టుపక్కల సందుల్లో, సింగ్‌నగర్‌లో మనవాళ్ళు ఎలా బతుకుతున్నారో ఆ ప్రసంగీకులకు తెలియనిది కాదు. రెండు గదుల్లో మూడు తరాలు, పగలే దీపం వెలిగించుకోవలసిన వంటిల్లు, కోడలు చదువుకోవడానికి మూల లేని ఇల్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో పట్టణవాసులు 31 శాతం ఉండగా ముస్లింలలో వారు దాదాపు 40 శాతం. అంటే పట్టణపు ఇరుకు మనకు ఇతరులకన్నా ఎక్కువగా సంక్రమించింది.

దాని మీద 2024 సెప్టెంబరు 1 వచ్చింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలను ముంచింది. అదే సమయంలో కృష్ణానదికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైబడిన వరద వచ్చింది. మేడమీది గదుల్లో, డాబాల మీద పిల్లలను పెట్టుకుని పాల ప్యాకెట్టు కోసం పడవలవైపు చేతులు చాపిన కుటుంబాల్లో అన్ని మతాలవారూ ఉన్నారు. మనవాళ్ళూ వేలల్లో ఉన్నారు. ఆ కుటుంబాలు నీరు చేరని మెరక నేల కోసం నూజివీడు వైపు చూడటం తప్పా? బిడ్డకు గాలి, వెలుతురు, పొడి నేల కావాలనుకున్న తల్లికి మొహల్లా భక్తి బోధించడం కర్కశత్వం. మొహల్లాలో ఉండి ముక్కు మూసుకోమని చెప్పే పెద్దలు, తమ పిల్లలను మాత్రం హైదరాబాదు శివారు అపార్ట్‌మెంట్లలో ఉంచడమూ నేను చూశాను.

కాబట్టి శివారు మంచిదా, నగరం మంచిదా అనే చర్చలో నా పేరును శివారు పక్షాన రాసుకోండి. నా తగాదా వేరు. శివారును మనకు అమ్ముతున్న తీరుతో, మనం కొంటున్న తీరుతో నా తగాదా.

"ప్లాటు కొనడం వ్యక్తిగత వ్యవహారం. అందులో సమాజం, రాజ్యాంగం ఎందుకు?" అని యువకులు అడుగుతారు. ఇల్లు వ్యక్తిగతమే. కానీ వీధి, నీరు, బడి, మసీదు, ఖబరస్తాన్ ఏ ఒక్కడి డబ్బుతోనూ దొరకవు. పాత మొహల్లాలో వీటిని తాతముత్తాతలు సమకూర్చిపెట్టారు గనుక మనకు వాటి విలువ తెలియలేదు. అవేవీ లేని నేల మీదకు ఒంటరిగా వెళ్ళినవాడికి మొదటి జనాజా నాడు తెలిసివస్తుంది.

పేరు అడిగిన తరువాత మారే ధర

ఆ నేల మీదకు వెళ్ళే దారి కూడా అందరికీ ఒకేలా తెరిచి లేదు. రెండేళ్ళ క్రితం మా బంధువు ఒకరి కోసం ఒక వెంచర్ కార్యాలయానికి వెళ్ళాను. పటం చూపించారు, చల్లని నీళ్ళిచ్చారు, తూర్పు ముఖం ప్లాట్లు పన్నెండు ఖాళీగా ఉన్నాయన్నారు. ఫారంలో పేరు రాయగానే ఆ యువకుడి ముఖం మారింది. లోపలికి వెళ్ళి వచ్చి, "సార్, ఇవి నిన్ననే బుక్ అయిపోయాయంట" అన్నాడు. పన్నెండూ నిన్ననే! మరుసటి వారం మా మిత్రుడైన ఒక హిందూ ఉపాధ్యాయుడు వెళితే అవే ప్లాట్లు ఆయనకు చూపించారు. ఆయన నాకన్నా ఎక్కువ బాధపడ్డారు.

అందరూ ఇలాంటివారేనని నేను అనను. ఈ మామిడి నేల మీద హిందూ రైతు తోట, ముస్లిం వ్యాపారి గుత్త తరాలుగా నోటిమాట మీద నడిచాయి. పొమ్మనే ఆచారం ఈ నేలది కాదు. ప్లాట్ల వ్యాపారంతో వచ్చింది. "మిగతా కొనుగోలుదారులు ఒప్పుకోరు సార్" అని అమ్మేవాడు అంటాడు. ఆ మిగతావారిని ఎవరూ అడిగి ఉండరు. తన భయాన్ని పొరుగువాడి నోట పెట్టి మనకు వినిపిస్తాడు.

సచార్ కమిటీ 2006 నవంబరులో సమర్పించిన నివేదికలో ముస్లింలకు ఇల్లు కొనడంలో, అద్దెకు తీసుకోవడంలో ఎదురయ్యే ఇబ్బందులను నమోదు చేసింది. భద్రతాభయంతో ఒకచోట గుమిగూడి బతకడాన్నీ, అలా గుమిగూడిన చోట ప్రభుత్వ సేవలు అందకపోవడాన్నీ గుర్తించింది. సమాన అవకాశాల కమిషన్ ఏర్పాటు చేయాలంది. అమితాబ్ కుండూ అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల బృందం 2008లో విద్య, ఉద్యోగాలతో పాటు నివాస సముదాయాల్లోనూ వైవిధ్యాన్ని కొలిచే సూచికను ప్రతిపాదించింది. రెండూ ఆచరణలోకి రాలేదు. అప్పుడు అధికారంలో ఉన్నవారూ, తరువాత వచ్చినవారూ ఈ విషయంలో ఒకే రకంగా ప్రవర్తించారు.

చట్టం ఏమంటుంది? రాజ్యాంగం 15వ అధికరణంలోని రెండో ఖండం దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, రోడ్ల వంటి చోట్ల మతం, కులం పేరిట ఎవరినీ అడ్డుకోరాదని చెబుతుంది. ఇల్లు, స్థలం అనే మాటలు అందులో లేవు. కానీ 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేద్కర్, దుకాణం అనే మాటను విశాలార్థంలో వాడామని, రుసుము తీసుకుని సేవ అందించే ఎవరైనా దాని కిందికి వస్తారని వివరించారు. 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆ విశాలార్థాన్నే స్వీకరించింది. బోర్డు కట్టి, కరపత్రాలు పంచి, వచ్చినవారందరికీ ప్లాట్లు అమ్మేవాడు దుకాణదారు కాక మరేమిటి? మరోవైపు 2005లో ఇదే సుప్రీంకోర్టు, అహ్మదాబాదులోని ఒక పార్సీ సహకార గృహనిర్మాణ సంఘం తన సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకోవచ్చని తీర్పు చెప్పింది. ఈ రెండింటి మధ్య మన హక్కు వేలాడుతోంది. దాన్ని తేల్చమని గట్టిగా అడిగిన గొంతు మనలోంచి ఇంతవరకు రాలేదు.

ఇది మన దేశపు రోగం మాత్రమే కాదు. 1947లో అమెరికాలో న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లో బంగాళాదుంప పొలాలను చదును చేసి లెవిట్‌టౌన్ అనే శివారు కట్టారు. యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు చవక ఇళ్ళు, పచ్చిక, వెలుతురు. ప్రపంచంలోని శివారు కలలన్నిటికీ అది నమూనా అయింది. అయితే తెల్లజాతివారు కానివారు అక్కడ నివసించరాదని ఒప్పందపత్రంలో షరతు రాశారు. అదే యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికుడికి అందులో చోటు లేదు. అటువంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. గృహవసతిలో వివక్షను నిషేధించే చట్టం రావడానికి 1968 దాకా పోరాడవలసి వచ్చింది.

అక్కడ షరతు కాగితం మీద ఉంది గనుక దాన్ని కోర్టుకు చూపగలిగారు. మన దగ్గర నిరాకరణకు కాగితం లేదు. ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాల మధ్య ఉద్యోగజీవితం గడిపినవాణ్ణి. కాగితం లేని అన్యాయం ఏ అధికారి బల్ల మీదకూ చేరదని నాకు తెలుసు. అందుకే చెబుతున్నాను: నోటిమాటగా వెనక్కి రావద్దు. "ఫలానా నంబరు ప్లాటు కొనదలచాను, ధర, లభ్యత తెలియజేయండి" అని రిజిస్టరు పోస్టులో రాయండి. జవాబు వస్తే అది కాగితం. రాకపోతే రశీదు ఒక కాగితం. అటువంటి కాగితాలు వంద పోగైతే అది ఒక దస్త్రం.

మనవాళ్ళ వెంచర్ అనే మరో ఉచ్చు

ఈ అవమానాన్ని సొమ్ము చేసుకుంటున్నవారు మనలోనే పుట్టారు. "వాళ్ళు రానివ్వకపోతే మనమే ఒక కాలనీ వేసుకుందాం" అంటూ మసీదు గుమ్మం దగ్గరే కరపత్రం పంచుతారు. దాని మీద మినారు బొమ్మ, ఒక అరబ్బీ పేరు, "కేవలం మన సోదరులకే" అనే మాట. బిస్మిల్లా చెప్పి అడ్వాన్సు తీసుకుంటారు. లేఅవుటు అనుమతి నంబరు అడిగితే, "సోదరుడి మీద నమ్మకం లేదా?" అని ఎదురు ప్రశ్నిస్తారు.

నమ్మకం వేరు, దస్తావేజు వేరు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఖుర్ఆన్ ఆదేశించింది. అప్పు తీసుకునేవాడు పరాయివాడైతేనే రాసుకోమని చెప్పలేదు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, నమోదు అవసరమైన వెంచర్‌ను నమోదు చేయకుండా ప్రకటన ఇవ్వడం, అమ్మడం నేరం. రాతపూర్వక అమ్మకపు ఒప్పందం రిజిస్టరు కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోరాదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. ఈ మూడు సంగతులు అడిగినందుకు కోపం తెచ్చుకునే సోదరుడు మీకు సోదరుడు కాడు. తోటను చదును చేసి, అనుమతి లేకుండా తెల్లరాళ్ళు పాతి అమ్మిన స్థలంలో ఇంటి ప్లానుకు అనుమతి రాదు, బ్యాంకు అప్పు రాదు. నష్టపోయినవారు సిగ్గుపడి మాట్లాడరు. మోసగాడు మరో ఊళ్ళో మరో మినారు బొమ్మ వేస్తాడు.

సరే, అన్ని అనుమతులూ ఉన్న నిజాయితీపరుడి వెంచరే అనుకుందాం. అప్పుడూ నా అభ్యంతరం తీరదు. అహ్మదాబాదు జుహాపురాను చూడండి. మతకలహాల భయంతో, ముఖ్యంగా 2002 తరువాత, పేదలతో పాటు వైద్యులు, న్యాయవాదులు, వ్యాపారులు కూడా అక్కడికే చేరారు. డబ్బున్నవారు మంచి ఇళ్ళే కట్టుకున్నారు. అయినా రోడ్లు, నీరు, మురుగు కాలువ వంటి సౌకర్యాల కోసం ఆ ప్రాంతం ఏళ్ళ తరబడి పోరాడవలసి వచ్చింది. పైగా గుజరాత్‌లో 1991 నాటి కల్లోలిత ప్రాంతాల చట్టం కింద, ప్రకటిత ప్రాంతాల్లో ఆస్తి అమ్మాలంటే కలెక్టరు అనుమతి కావాలి. బలవంతపు అమ్మకాలను ఆపడానికని తెచ్చిన ఆ చట్టం, ఇష్టపూర్వకంగా కలిసి ఉండదలచినవారికి అడ్డుగోడ అయింది. మనల్ని వేరుచేయడానికి అక్కడ చట్టం పనిచేస్తుంటే, ఇక్కడ మనమే కరపత్రం వేసుకుని వేరుపడతామా?

పొరుగువారి పట్ల మంచిగా మెలగమని చెప్పే సందర్భంలో అన్నిసా అధ్యాయం బంధువైన పొరుగువారితో పాటు పరాయి పొరుగువారినీ పేర్కొంది. పరాయి పొరుగువాడే లేని వీధిలో ఆ ఆజ్ఞను ఎలా పాటిస్తాం? పక్కింటి పిల్లవాడి పండుగ తెలియకుండా పెరిగిన మన పిల్లవాడు, మన రంజాన్ తెలియకుండా పెరిగిన అతడు, ఇరవై ఏళ్ళ తరువాత ఎక్కడ కలుసుకుంటారు? పుకార్ల వాట్సాప్ సందేశాల్లో కలుసుకుంటారు. ప్రహరీ గోడ మనల్ని కాపాడుతుందని చెప్పేవారు, ఆ గోడ వెలుపల మన గురించి ఏం చెప్పినా నమ్మే తరాన్ని తయారు చేస్తున్నారు.

నరికిన చెట్టు కింద ఎవరు బతికారు?

ప్లాటు కొనేవారు సాధారణంగా అడగని సంగతి మరొకటి ఉంది. ఆ నేల మీద నిన్నటిదాకా ఎవరు బతికారు?

మా ప్రాంతంలో తోట యజమాని ఒకరు, పంట కొనేవాడు మరొకరు. పూత చూసి, పిందె అంచనా వేసి, తోటను గుత్తకు తీసుకునే వ్యాపారుల్లో ముస్లిం కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. భార్యాబిడ్డలతో తోటలోనే గుడిసె వేసుకుని కోతిని, దొంగను, గాలివానను కాచుకుని, చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలను వేరుచేసి నున్న మార్కెట్టుకు తోలిస్తారు. కోత కోసేవారు, గడ్డి పరిచి పెట్టెలు కట్టేవారు, లారీ ఎత్తే హమాలీలు, అందరిదీ ఆ మూడు నెలల సంపాదనే. చైత్రంలో ఒక్క గాలివాన వస్తే గుత్తదారు అప్పులపాలే. అయినా మరుసటి పూతకు మళ్ళీ నిలబడతాడు, తోట ఉంటే.

తోట అమ్ముకున్న రైతును నేను నిందించలేను. మందుల ఖర్చు పెరిగి, కాయకు ధర లేక, పిల్లలు వ్యవసాయం వద్దంటే అతనేం చేస్తాడు? 2014లో అమరావతి రాజధాని ప్రకటన వచ్చిన దగ్గరినుంచి మా వైపు నేలకు పంటతో సంబంధం లేని ధర పలికింది. రైతుకు ఆ ధర దక్కింది. గుత్తదారుకు ఏమీ దక్కలేదు. అతని పేరు ఏ పాసుపుస్తకంలోనూ లేదు. అతనికి పరిహారం అన్న మాటే లేదు. అలా తోట పోయిన ఒకాయన అదే నేల మీద వేసిన వెంచర్‌కు రాత్రి కాపలాదారుగా చేరాడు. తాను గుత్త పట్టిన చెట్ల మొద్దులు ఎక్కడెక్కడ ఉండేవో ఆయనకు చీకట్లోనూ తెలుసు.

గాలి కోసం నగరం నుంచి వస్తున్న ముస్లిం, పని పోయి నగరానికి పోతున్న ముస్లిం ఇదే రోడ్డు మీద ఎదురెదురు బస్సుల్లో ప్రయాణిస్తున్నారు. మన సంస్థలు మొదటివాడికి ప్లాటు సలహాలు, రెండోవాడికి రంజాన్‌లో జకాత్ ఇస్తున్నాయి. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టిన సంస్థ నాకు కనబడలేదు. శివారు మీద హక్కు గురించి మాట్లాడేటప్పుడు కొనగలిగినవాడి హక్కు ఒక్కటే మాట్లాడితే అది అసంపూర్ణం.

ఖబరస్తాన్ తనంతట తాను పుట్టదు

ఇక మొదటి ప్రశ్నకు వస్తాను. పాత ఊళ్ళలో చాలా ఖబరస్తాన్‌లకు దస్తావేజు లేదు. ఏ జమీందారో, రైతో నోటిమాటగా ఇచ్చిన చోట తరాలుగా ఖననాలు జరిగి, ఆ వాడుక వల్లనే అవి వక్ఫ్ అయ్యాయి. 2025 ఏప్రిల్ 8న అమలులోకి వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం ఆ దారిని ఇకముందుకు మూసివేసింది. వాడుక వల్ల వక్ఫ్ అనే భావనను తొలగించింది. వక్ఫ్‌నామా దస్తావేజు లేకుండా కొత్త వక్ఫ్ ఏర్పడదని చెప్పింది. ఆ చట్టాన్ని సవాలు చేసిన కేసుల్లో సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15న మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అయిదేళ్ళుగా ఇస్లాంను ఆచరిస్తున్నవారే వక్ఫ్ చేయాలనే నిబంధన వంటి కొన్నింటిని నిలిపివేసినా, వాడుక వక్ఫ్ తొలగింపును నిలిపివేయలేదు.

ఈ చట్టం అన్యాయమని నేను నమ్ముతున్నాను. దాని మీద న్యాయపోరాటం సాగాలి. కానీ ఆ పోరాటం ముగిసేదాకా మరణం ఆగదు. శివారులో "ఎక్కడో ఒకచోట మొదలుపెడితే అదే ఖబరస్తాన్ అవుతుంది" అనుకునే రోజులు పోయాయని ప్రతి కుటుంబం గ్రహించాలి. దస్తావేజు ముందు, మట్టి తరువాత.

లేఅవుటు నిబంధనల ప్రకారం వెంచర్‌లో 10 శాతం ఖాళీ స్థలం విడిచి స్థానిక సంస్థకు అప్పగించాలి. అది పార్కు కోసం, పిల్లల ఆట కోసం. దాన్ని మసీదుకో, మరో మందిరానికో ఆక్రమించడం ఎవరు చేసినా తప్పే. బహిరంగ స్థలాల్లో అనుమతి లేని ప్రార్థనాలయాలు కొత్తగా కట్టనివ్వరాదని 2009లో సుప్రీంకోర్టు ఆదేశించింది కూడా. మనం పార్కు అడగడం లేదు. శ్మశానాల ఏర్పాటు, నిర్వహణ 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం గ్రామపంచాయతీకి అప్పగించిన పని. వందల ప్లాట్లకు అనుమతులు వచ్చి, ఇంటిపన్ను వసూలు చేసుకునే పంచాయతీ, ఆ ఇళ్ళలో ఎవరూ చనిపోరని భావిస్తోందా? ఈ కొరత మనది మాత్రమే కాదు. శివారు క్రైస్తవులు, ఖననం చేసే ఆచారమున్న హిందూ కులాలవారు, దహనవాటిక లేని కాలనీవాసులు అందరూ ఇదే బాధలో ఉన్నారు. కలిసి అడిగితే ఇది పౌరుల కోరిక. ఒంటరిగా అడిగితే "వాళ్ళు స్థలం అడుగుతున్నారు" అవుతుంది.

చేయవలసినది

కొనబోయే కుటుంబానికి నా మనవి: అడ్వాన్సు ఇచ్చేముందు అయిదు ప్రశ్నలు అడగండి. లేఅవుటు అనుమతి నంబరు ఎంత? రెరా నమోదు ఉన్నదా? మంచినీరు ఎవరు ఇస్తారు? నడిచి వెళ్ళే దూరంలో బడి, నమాజు చేసుకునే చోటు ఉన్నాయా? ఈ పంచాయతీలో మా మయ్యిత్‌కు చోటెక్కడ? అయిదో ప్రశ్న అడగడానికి మనవాళ్ళు అపశకునమని జంకుతారు. మరణాన్ని తలచుకోవడం మన ధర్మంలో అపశకునం కాదు.

మసీదు కమిటీలకు మనవి: శివారుకు తరలిన కుటుంబాల జాబితా రాయండి. పది కుటుంబాలు ఒక వైపు చేరితే, కలిసి కొద్ది సెంట్లు నేల కొని, వక్ఫ్‌నామా రిజిస్టరు చేయించి, అవసరమైన అనుమతులు తీసుకోండి. మదీనా చేరిన ప్రవక్త (స) మసీదు కోసం ఇద్దరు అనాథల స్థలాన్ని వారు ఉచితంగా ఇస్తామన్నా ఒప్పుకోక, వెల చెల్లించి తీసుకున్నారు. కొత్త చోట స్థిరపడేవారికి అదే మార్గం. పెళ్ళి మండపానికి పెట్టే ఖర్చులో సగం ఇందుకు చాలు. గ్రామాల్లోని పాత ఖబరస్తాన్ పెద్దలకు మరో మాట: కొత్తవారు పరాయివారు కారు. వారిని సభ్యులుగా చేర్చుకోండి, ప్రహరీ ఖర్చులో వాటా అడగండి; శవం ఎదుట వాదన పెట్టకండి.

కార్యకర్తలకు మనవి: వెంచర్ ఒక ప్రైవేటు తోట కాదు. ప్రభుత్వ అనుమతితో పుట్టి, ప్రభుత్వ రోడ్డు, కరెంటుతో బతుకుతుంది. మతం, కులం పేరిట ఏ కొనుగోలుదారునూ నిరాకరించరాదనే షరతును లేఅవుటు అనుమతిలోనే చేర్చాలని మన శాసనసభ్యులను అడగాలి. ప్రతి సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో శ్మశాన స్థలం కోసం అర్జీ ఇచ్చి రశీదు తీసుకోవాలి. 2022లో నూజివీడు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి మారాక, ఏ అర్జీ ఏ కార్యాలయానికి పోవాలో తెలియక ఆగిపోయినవారు మనలో ఉన్నారు. వారికి తోడు వెళ్ళడానికి నాబోటి విశ్రాంత గుమాస్తాలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. మమ్మల్ని వాడుకోండి. మాకు కాగితం రాయడం వచ్చు, ఓపికగా వరుసలో కూర్చోవడమూ వచ్చు.

ఆ తల్లి ఖననం తరువాత మేము కొందరం కలిసి ఆ వెంచర్ ఉన్న పంచాయతీలో ఒక అర్జీ ఇచ్చాం. దాని మీద ముస్లింలు, క్రైస్తవులు, హిందువులు కలిపి నలభై ఒక్క మంది సంతకం చేశారు. మొదటి సంతకం పక్కింటి రెడ్డిగారిది. ఆయన తల్లికి ఎనభై ఏళ్ళు దాటాయి. గ్రామసభలో చదివారు, తీర్మానం రాశారు, స్థలం ఇంకా చూపలేదు. ప్రతి నెలా వెళ్ళి అడుగుతున్నాం. ఈ సోమవారం కలెక్టరేటుకు కూడా వెళుతున్నాం. శివారులో ఇల్లు కట్టుకున్నవారు, కట్టుకోబోతున్నవారు తమ ఊళ్ళో ఇటువంటి అర్జీ ఒకటి ఈ నెలలోనే రాయాలని కోరుతున్నాను. రాయడం తెలియకపోతే మీ ఊరి విశ్రాంత గుమాస్తా తలుపు తట్టండి.